కొండేపూడి జాకెట్టు ముక్కల ప్రదక్షిణం

కొండేపూడి పురపాలక సంఘానికి కొత్తగా వచ్చిన కమిషనరు విరూపాక్షం గారు పట్టిన పని విడిచిపెట్టే మనిషి కాదు. అంతకుముందు వచ్చిన కమిషనర్లెవరూ ఏ పనీ పట్టుకోలేదు కాబట్టి విడిచిపెట్టే ప్రశ్నే రాలేదు, ఊరు సుఖంగా ఉండేది. ఈయన రాజధానిలో ఏదో సదస్సుకి వెళ్లొచ్చి, కారు దిగుతూనే, "ఇక మీదట మన ఊళ్లో ఏ వస్తువూ చావకూడదు," అన్నారు. ఎదురెళ్లిన మేనేజరు జోగేశ్వర్రావు, "చిత్తం సార్, చావదు," అన్నాడు. ఏ వస్తువు, ఎందుకు చావకూడదు అని అడగలేదు. అడిగే అలవాటే ఉంటే అతను మేనేజరయ్యేవాడు కాదు.

మర్నాడు మీటింగులో సంగతి బయటపడింది. దాని పేరు చక్రీయ ఆర్థిక వ్యవస్థ. వస్తువుని కొనడం, వాడడం, పారెయ్యడం అనేది పాతకాలపు పద్ధతిట. ఇప్పుడు ప్రతి వస్తువూ చేతులు మారుతూ గుండ్రంగా తిరుగుతూనే ఉండాలి. తిరుగుతోందో లేదో తెలియడానికి ప్రతిదానికీ బియ్యపు గింజంత ట్యాగు ఒకటి తగిలిస్తారు. టోల్‌గేటు దగ్గర కారు అద్దం మీది స్టిక్కరు ఏ పని చేస్తుందో ఇదీ అదే చేస్తుంది. దగ్గరికి రీడరు తీసుకెళ్తే రేడియో తరంగాలు వెళ్లి పలకరిస్తాయి, ట్యాగు బదులు పలుకుతుంది, రీడరు కుయ్‌మంటుంది, ఆ వస్తువు ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి వచ్చిందో తెరమీద పడుతుంది.

"మనిషికి పునర్జన్మ ఇచ్చిన దేశం ఇది. వస్తువుకి మాత్రం ఇవ్వలేకపోయింది. ఆ లోటు కొండేపూడి తీరుస్తుంది," అన్నారు కమిషనరు గారు. అందరూ చప్పట్లు కొట్టారు.

వెనక వరసలో కూర్చున్న హైమావతి కూడా కొట్టింది గాని, ఆవిడ మనసు అక్కడ లేదు. హైమావతి ఆ ఆఫీసులో రికార్డు అసిస్టెంటు. మొగుడు అక్కడే వాటర్ వర్క్స్‌లో ఫిట్టరుగా చేస్తూ పోతే, కారుణ్య నియామకం కింద ఆవిడకి ఈ ఉద్యోగం ఇచ్చారు. ఒక్కతే కూతురు ఉజ్వల. ఆ పిల్లని అదే ఊళ్లో చూడామణి గారి అబ్బాయికి ఇచ్చింది. ఉజ్వలకి ఇప్పుడు ఐదో నెల. పొద్దున్నే వియ్యపురాలు ఫోన్ చేసింది.

"శ్రావణం వెళ్లాక మంచిరోజు చూసి మా ఇంట్లోనే శ్రీమంతం పెట్టుకుంటున్నాం వదినగారూ. మీరు లేకపోతే ఎలాగండీ! తెల్లారేసరికి వచ్చెయ్యాలి. పులిహోర మీ చేత్తో కలిపితేనే మావాళ్లకి నచ్చుతుంది. వంటగదిలో ఉక్కపోస్తుందని మీకోసం ప్రత్యేకంగా ఫ్యాను కూడా పెట్టించాను."

మొగుడు పోయిన ఆడది ముత్తయిదువుల మధ్య కూర్చోకూడదు. కన్నకూతురైనా సరే, శ్రీమంతం నాడు ఆ పిల్ల చేతికి గాజులు తొడగకూడదు. చూడామణి ఈ మాట పైకి అనలేదు, అనకుండా ఫ్యాను పెట్టించింది. మంచి మనిషే, ఆ మంచితనం అంతా గుమ్మానికి ఇవతలే ఉంటుంది. హైమావతి, "అలాగే వదినగారూ," అని ఫోన్ పెట్టేసి, బస్సులో ఆఫీసుకొస్తూ దారి పొడుగునా ఏడుపు దిగమింగుకుంది. ఆ పిల్లకి పుట్టినప్పటి నుంచి జడలు వేసిన చేతులవి. ఒక్క జత గాజులు తొడగడానికి పనికిరాకుండా పోయాయా అని ఆవిడ బాధ.

ఇక చక్రం సంగతి. ముందు చెత్త డబ్బాలకి ట్యాగులు తగిలించారు. తడి చెత్తకి ఒకటి, పొడి చెత్తకి ఒకటి ఇంటింటికీ ఇచ్చారు. అవి తిరగలేదు. చూడబోతే తడి చెత్త డబ్బాలో బియ్యం, పొడి చెత్త డబ్బాలో కందిపప్పు ఉన్నాయి. ఇంత గట్టి డబ్బాలో చెత్త వెయ్యడానికి చేతులెలా వస్తాయండీ అని ఆడవాళ్లు ఎదురడిగారు. తరవాత నీళ్ల సీసాలకి, ఆ తరవాత పెళ్లిపందిళ్ల కుర్చీలకి తగిలించారు. కుర్చీలు తిరిగాయి గాని ఒకసారి తిరిగినవి మళ్లీ కనపడలేదు. పైనుంచి ప్రగతి నివేదిక పంపమని తాఖీదులు వస్తున్నాయి. విరూపాక్షం గారికి నిద్ర పట్టడం మానేసింది.

అప్పుడు జ్ఞానోదయమైంది. ఒక శుక్రవారం సాయంత్రం ఆయన భార్య పేరంటం నుంచి వచ్చి, చేతిలో జాకెట్టు ముక్క సోఫాలో పడేసి, "ఈ పాచి ఆకుపచ్చది మళ్లీ నా దగ్గరకే వచ్చింది చూశారా, పోయినేడు నేను వదిలించుకున్నదే ఇది. అంచు మీద నా పసుపు మరక కూడా ఉంది," అంది.

కమిషనరు గారు సోఫాలోంచి లేచి నిలబడ్డారు.

నిజమే మరి! తాంబూలంలో పెట్టే జాకెట్టు ముక్కని ఈ రాష్ట్రంలో కుట్టించుకున్న ఆడది లేదు. అది ఏ చీరకీ నప్పదు, ఏ మనిషికీ సరిపోదు. అది కుట్టడానికి పుట్టింది కాదు, పెట్టడానికి పుట్టింది. ఇచ్చినావిడ, "నీకోసమే తెచ్చానే," అంటుంది. పుచ్చుకున్నావిడ, "ఎంత బాగుందో!" అంటుంది. తీసుకెళ్లి బీరువా కింద అరలో పెట్టి, పై శుక్రవారం ఇంకొకరికి ఇస్తుంది. అరగదు, చిరగదు, చావదు. దేశదేశాల మేధావులు వెతుకుతున్న వస్తువు కొండేపూడి బీరువాల్లో మూలుగుతోంది.

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నట్టు, మర్నాడే ఆటోకి మైకు కట్టి ఊరంతా తిప్పారు. "ఇందుమూలముగా యావన్మంది గృహిణులకు తెలియజేయడమేమనగా, పురపాలక సంఘ పరిధిలోని సమస్త జాకెట్టు ముక్కలకును ట్యాగులు కుట్టబడును. ట్యాగు లేని ముక్కను తాంబూలమునందు పెట్టుట నిషిద్ధము. ట్యాగు గల ముక్కను కత్తిరించుట, కుట్టించుట, ధరించుట వస్తుచక్ర విచ్ఛేదముగా పరిగణించి తగు చర్య గైకొనబడును."

మార్కెట్ వీధి టైలర్ల దగ్గర కత్తెరలు జప్తు చేశారు. దిండు గలీబుగా మార్చిన ఒక ముక్కని శానిటరీ ఇన్‌స్పెక్టరు స్వయంగా వెళ్లి దిండులోంచి విడిపించి తీసుకొచ్చాడు.

ఒక్క చిక్కు మిగిలింది. ముక్క చేతులు మారేటప్పుడు పక్కన రీడరు ఉండాలి. ఆడవాళ్ల పేరంటంలోకి మగ ఉద్యోగి వెళ్లలేడు. ఆఫీసులో ఉన్న ఆడ ఉద్యోగులకి శ్రావణ శుక్రవారం వస్తే ఎవరింట్లో వాళ్లకే వ్రతాలు, పేరంటాలు. జోగేశ్వర్రావు బుర్ర గోక్కుని హైమావతి బల్ల దగ్గరకొచ్చాడు.

"మీరు చూసుకోవాలి హైమావతి గారూ. మీకైతే ఆ రోజుల్లో... అంటే... ఎక్కడికీ వెళ్లే పని ఉండదు కదా మరి," అన్నాడు, చూపు గోడ మీది క్యాలెండరు వైపు తిప్పుకుని.

అలా ఊళ్లో ఏ పేరంటానికీ పిలుపు లేని మనిషిని అన్ని పేరంటాలకీ హాజరు కమ్మని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. హైమావతికి నవ్వొచ్చింది, వెంటనే కళ్లల్లో నీళ్లూ తిరిగాయి. రీడరు మెళ్లో వేసుకుని బయల్దేరింది.

ఆడవాళ్లకి ఇది ఇబ్బందిగా ఉంది. లోపలికి రమ్మనలేరు, మునిసిపాలిటీ మనిషిని పొమ్మనలేరు. అంచేత వరండాలో కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, ఒక్కొక్కరే జాకెట్టు ముక్క పట్టుకుని బయటికొచ్చి కుయ్‌మనిపించుకుని లోపలికి పోయేవారు. తలుపు సందులోంచి గంధం వాసన, నవ్వులు వచ్చేవి. హైమావతి రీడరు తుడుచుకుంటూ కూర్చునేది.

మూడో వారం నుంచి రీడరు వివరాలు బిగ్గరగా చదవాలని కొత్త నిబంధన వచ్చింది. పారదర్శకత కోసమట. ఆ వారంలోనే బ్యాంకు మేనేజరు భార్య రత్నమాంబ గారింట్లో వ్రతం. ఆవిడ చూడామణిని వరండాలోకి తీసుకొచ్చి ముక్క చేతిలో పెట్టింది. "ఇది నీకనే కాకినాడ వెళ్లి మరీ తెచ్చానే చూడామణీ. ఆ రంగు చూడగానే నువ్వే గుర్తొచ్చావు."

కుయ్.

"మూలస్థానం, చూడామణి గారి ఇల్లు. అక్కడి నుంచి చూడామణి గారి ఆడపడుచు ఇల్లు. అక్కడి నుంచి రత్నమాంబ గారి ఇల్లు," అని చదివింది హైమావతి. చదవడం ఆవిడ ఉద్యోగం.

చూడామణి ముక్కని అటూ ఇటూ తిప్పి చూసింది. "కాకినాడ మా ఇంటి మీదుగా వెళ్లావా వదినా?" అంది చూడామణి చివరికి.

అలాంటివి ఊరంతా జరిగాయి. తోడికోడళ్లు మాటలు మానుకున్నారు, ఆడపడుచులు పుట్టింటికి రావడం మానేశారు. జాకెట్టు ముక్కలు మాత్రం ఆగలేదు. ఆగకూడదు కూడా, ఒక ఇంట్లో వారం దాటి నిలిచిన ముక్కకి నోటీసు వస్తోంది. శుక్రవారాలు చాలక మంగళవారాలు, అవి చాలక బుధవారాలు నోములు పట్టారు. శివాలయం పూజారి గారు ఎవరో అడిగారని చక్రేశ్వరీ వ్రతం అని ఒకటి కొత్తగా కల్పించాడు. దానికి కథ కూడా చెప్పాడు. ఒక బ్రాహ్మణ స్త్రీ జాకెట్టు ముక్కని బీరువాలో దాచి కష్టాల పాలై, మళ్లీ తీసి పంచి సకలైశ్వర్యాలు పొందుతుంది.

పైవాళ్లు ఆనందించారు. కమిషనరు గారి గదిలో గోడంత తెర పెట్టారు. అందులో ఊరి పటం, దాని మీద పచ్చగా గిరగిరా తిరిగే చుక్కలు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. అయితే ఆ పచ్చదనం మధ్య అక్కడక్కడ కదలని ఎర్రచుక్కలు ఉన్నాయి. విరూపాక్షం గారి కళ్లు పచ్చవాటిని వదిలేసి ఎర్రవాటి మీద పడ్డాయి. మీటింగు పెట్టారు.

"ఈ నిశ్చల గృహములేమిటి? ఇక్కడికి ముక్క వెళ్లదు, ఇక్కడి నుంచి రాదు. చక్రంలో కన్నాలివి. కారణం?"

జోగేశ్వర్రావు లేచి నిలబడ్డాడు. "అవి సార్... సాంకేతికంగా తాంబూల స్వీకరణకు అర్హత లేని గృహములు సార్."

"అర్హత లేదని ఎవరు నిర్ణయించారు?"

"ఎవరూ నిర్ణయించలేదు సార్. ఆనవాయితీ."

"ఆ ఉత్తర్వు నెంబరెంత?"

"ఆనవాయితీకి నెంబరుండదు సార్."

"తేదీ?"

"తేదీ కూడా లేదు సార్. పూర్వం నుంచీ..."

విరూపాక్షం గారి మొహం ఎర్రబడింది. ఆయన సంస్కర్త కాదు. భర్త పోయిన ఆడవాళ్ల గురించి ఆయన జన్మలో ఆలోచించలేదు, అప్పుడు కూడా ఆలోచించలేదు. కాని నెంబరు లేని ఉత్తర్వుని తన పరిధిలో, తన సంతకం లేకుండా, ఇన్నాళ్లుగా ఊరంతా తూచా తప్పకుండా అమలు చేస్తోందంటే ఆయన ఒళ్లు మండిపోయింది. "నా ఉత్తర్వులు ఒక్కటీ అమలు కావు! ఎవరో ఊరూ పేరూ లేనివాడి ఉత్తర్వు మాత్రం ఇంత చక్కగా పాటిస్తారా?" అని బల్ల గుద్దారు.

సాయంత్రానికి సర్క్యులర్ వచ్చింది. "తాంబూల స్వీకరణ విషయమున వైవాహిక స్థితితో నిమిత్తము లేకుండ సమస్త గృహములును చక్రమున అంతర్భాగములు. మరియు, గోడలు అడ్డు వచ్చుటచే తరంగములు నీరసించుచున్నందున, రీడరును, దానిని ధరించిన ఉద్యోగియును కార్యక్రమ మధ్యభాగమున ఆసీనులై ఉండవలెను. సదరు ఉద్యోగికి కూడ ఒక ముక్క ఇయ్యవలెను. ఉల్లంఘించిన గృహములకు కుళాయి కనెక్షను, ఇంటి ప్లాను మంజూరు నిలిపివేయబడును."

చూడామణి పై అంతస్తు ప్లాను మునిసిపాలిటీలో పెండింగులో ఉంది. మర్నాడు పొద్దున్నే హైమావతి ఇంటికి వచ్చింది.

"ఇదేం చోద్యం వదినగారూ! మిమ్మల్ని శ్రీమంతంలో మధ్యన కూర్చోబెట్టకపోతే మా ప్లాను ఆపేస్తారటగా?"

"సర్క్యులర్ అలాగే ఉందండి."

"నాకేం అభ్యంతరం లేదండీ, ఎప్పుడైనా ఉందా? మా అత్తగారి తరఫువాళ్లే ఏమైనా అనుకుంటారని. సరే, కూర్చోండి. జాకెట్టు ముక్క ఇస్తాను. కాని గాజులకి... గాజులకైతే రూలేమీ లేదుగా?"

ఉందనవచ్చు. కాని హైమావతి నోట్లోంచి, "లేదండి," అనే వచ్చింది. చూడామణి ఊపిరి పీల్చుకుని కాఫీ తాగి వెళ్లింది. ఆవిడ వెళ్లాక, నోట్లో నాలుక లేనిదాన్ని అని హైమావతి తనని తానే తిట్టుకుంది. అయినా ఆ వారమంతా ఆవిడ కాలు నేల మీద నిలవలేదు. గాజులు లేకపోతే పోయాయి, ఎదురుగా కూర్చుంటుంది, పిల్లని కళ్లారా చూసుకుంటుంది. అయినా పెద్ద బజారుకి వెళ్లి రెండు డజన్ల ఆకుపచ్చ గాజులు కొంది.

శ్రీమంతం నాడు తెల్లవారి తల దువ్వుకుంటుంటే ఆఫీసు గ్రూపులో మెసేజీ వచ్చింది. విరూపాక్షం గారికి బదిలీ. కొత్త కమిషనరు గారు రాత్రే ఛార్జి తీసుకున్నారు. ఆయనకి గోడల మీద ఆకుకూరలు పెంచడం అంటే ప్రాణం. "చక్రీయ విభాగము తక్షణము రద్దు. సర్వరు నిలిపివేయబడినది. రీడర్లను స్టోరునందు అప్పగించి, తోటకూర విత్తనములు తీసుకొనవలెను."

హైమావతి రీడరు మీట నొక్కింది. కుయ్ లేదు, కయ్ లేదు. తెర నల్లగా ఉంది.

ఆవిడ దువ్వెన పట్టుకుని చాలాసేపు అద్దం ముందే కూర్చుంది. మొదలుపెట్టేటప్పుడు మైకు కట్టి ఊరేగే మునిసిపాలిటీ ఆపేసేటప్పుడు ఎవరికీ చెప్పదు. ఈ సంగతి ఇంకా చూడామణికి తెలిసి ఉండదు. తెలిస్తే ఫ్యాను వెయ్యమంటుంది. నిజం చెప్పి వంటగదిలోకి వెళ్లాలా? ఇన్నాళ్లూ నిజం చెప్పి ఏం బావుకుంది? ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది. చచ్చిన రీడరు మెళ్లో వేసుకుంది. గాజుల పెట్టె సంచిలో పెట్టుకుంది.

చూడామణి ఇంట్లో హాలు నిండా ఆడవాళ్లు. మధ్యలో పీటల మీద పువ్వుల జడతో ఉజ్వల. ఎదురుగా చాప మీద చోటు చూపించారు. హైమావతి మెళ్లో రీడరు చూసి ముసలావిడలిద్దరు జరిగి చోటిచ్చారు. చూడామణి జాకెట్టు ముక్క తెచ్చి, వేలి చివరలతో పట్టుకుని, ఆవిడ ఒళ్లో పెట్టింది. "రూలు ప్రకారం ఇచ్చేశానండోయ్, అందరూ చూశారుగా," అంది. ఆ మాటకి హైమావతికి గుండెలో కలుక్కుమంది. అదే మేలు చేసింది. అలా కలుక్కుమనకపోతే ఆవిడ అక్కడితో ఊరుకునేదే.

గాజుల పళ్లెం ఎత్తబోతున్న చూడామణితో, "ఒక్క నిమిషం వదినగారూ," అంది. "సవరణ ఉత్తర్వు వచ్చిందండి."

"మళ్లీనా!"

ఇన్నేళ్లు రికార్డు రూములో చదివిన భాషంతా హైమావతి నోటికి తన్నుకొచ్చింది. "జాకెట్టు ముక్కతో పాటు ఏకకాలమున చేతులు మారు సమస్త మంగళద్రవ్యములు, అనగా గాజులు, పసుపు, కుంకుమ, గంధము వగైరాలు చక్రమున అంతర్భాగములుగా పరిగణింపబడును. సదరు ద్రవ్యములను తొలుత రీడరు ధరించిన ఉద్యోగియే స్వహస్తములతో అలంకరింపవలెను. తదుపరి మాత్రమే ఇతరులు."

చూడామణి పళ్లెం పట్టుకుని నిలబడింది. "తొలుతనా?"

"తొలుతేనండి. చక్రానికి మొదలు తెలియాలి కదా."

"స్వహస్తాలతోనే?"

"స్వహస్తాలతోనే. లేకపోతే ప్లాను..." అని ఆగింది హైమావతి.

ఒక ముసలావిడ, "గవర్నమెంటు వాళ్లు చెప్పాక మనమేం చేస్తామే, కానియ్యి. ఆలస్యమైతే వర్జ్యం వచ్చేస్తుంది," అంది. చూడామణి పళ్లెం దించింది. హైమావతి తన సంచిలోంచి ఆకుపచ్చ గాజులు తీసి, ముందుకు జరిగి, కూతురి చెయ్యి పట్టుకుంది. రీడరు ఒళ్లో పడి ఉంది. ఉజ్వల దాని నల్లటి తెర వైపు చూసింది, తల్లి మొహం వైపు చూసింది. చెయ్యి ఇంకాస్త ముందుకు చాపి, "మెల్లిగా తొడుగమ్మా, రూలు తప్పితే మళ్లీ మొదటి నుంచీ తొడగాల్సొస్తుంది," అంది.

మొదటి గాజు మణికట్టు దాటింది. గంధం రాసింది, కుంకుమ పెట్టింది. రెండో గాజు, మూడో గాజు. చూడామణి అంతా శ్రద్ధగా గమనిస్తోంది, ప్లాను కాగితాలు ఇంకా సంతకం కాలేదు మరి. ఉన్నట్టుండి ఆవిడకి అనుమానం వచ్చింది.

"అదేమిటి వదినగారూ, మీ మిషను కుయ్‌మనడం లేదే?"

హైమావతి తలెత్తలేదు. నాలుగో గాజు పట్టుకుని ఉంది.

"సైలెంటులో పెట్టానండి. శుభకార్యం కదా."

చూడామణి ఒక్క క్షణం ఆలోచించింది. "అదీ నిజమే," అంది. వెనక్కి తిరిగి, "ఆవిడ్ని చూసి నేర్చుకోండర్రా, మీరంతా ఫోన్లు సైలెంటులో పెట్టండి," అని హాలంతా గదిమింది.

అందరూ ఫోన్లు వెతుక్కుంటుంటే, హైమావతి కూతురి రెండో చెయ్యి అందుకుంది.